నాలుగు నెలల ముందే నెరవేరిన లక్ష్యం

ఆగస్టు నెలాఖరున కిరందుల్ బజారులో మందుల దుకాణం ముందున్న బరువు మిషన్ ఎక్కాను. ముల్లు అరవై మీద ఆగింది. డిసెంబరు ముప్పై ఒకటి నాటికి చేరాలని నేను పెట్టుకున్న అంకె అది. ఇంకా నాలుగు నెలలు ఉండగానే చేరాను. దుకాణం మెట్లు దిగుతుంటే ఆయాసం వచ్చి గోడ పట్టుకున్నాను. అయినా సంతోషంగానే ఇంటికి వెళ్లాను. ఒంట్లో ఏదో తేడాగా ఉందని అనుమానం రావలసిన రోజు అది. నేను దాన్ని గెలుపు కింద జమ వేసుకున్నాను.

నాకు డెబ్బై దాటాయి. మా ఆయనా, ఆయన తమ్ముడూ రైల్వేలో పనిచేశారు. బొబ్బిలి వైపు నుంచి బస్తర్‌లో ఇనుప ఖనిజం మోసే ఈ లైనుకు వచ్చి నలభై ఏళ్లు దాటింది. అన్నదమ్ములిద్దరూ పోయాక నేనూ, నా తోడికోడలు సత్యవతీ రైల్వే కాలనీ వెనక రెండు గదుల ఇంట్లో ఉంటున్నాం.

ఇక్కడి తెలుగు ఆడవాళ్లం, అంటే రైల్వే ఇళ్లవాళ్లం, గని ఉద్యోగుల ఇళ్లవాళ్లం, ఏటా డిసెంబరు ముప్పై ఒకటి సాయంత్రం ఒకచోట చేరతాం. ఒక్కొక్కరే లేచి వచ్చే ఏడాదికి తమ లక్ష్యమేమిటో చెప్పాలి. నిరుడు చెప్పింది ఏమైందో కూడా చెప్పాలి. ఈ రెండో షరతు నేను పెట్టిందే. మర్నాటికి మర్చిపోయే మాట కోసం లేచి నిలబడడం దేనికని నా వాదన. నా వెనక నన్ను ఆడిటరమ్మ అంటారని తెలుసు. మాట నిలబెట్టుకున్నవాళ్లకు ఒక స్టీలు డబ్బా బహుమతి.

ఆ ఏడాది నా లక్ష్యం అరవై ఎనిమిది కిలోల నుంచి అరవైకి దిగడం. మోకాళ్ల నొప్పులకు అదే మందని డాక్టరు చెప్పారు. జనవరి ఒకటిన మొదలుపెట్టాలంటే డిసెంబరులోనే సిద్ధపడాలి కదా. బూట్లు కొన్నాను. టీలో చక్కెర ముందే మానేశాను. రోజుకు ఒక్కపూటే అన్నమని ఇంట్లో చెప్పేశాను. జనవరి నుంచి మే దాకా తెల్లవారగానే లెవెల్ క్రాసింగ్ వరకు నడిచి వచ్చాను. మూడు కిలోలు తగ్గాను.

జూన్‌లో వానలు పట్టుకున్నాయి. కొండ మీద నుంచి ఎర్రనీళ్లు దిగే రోజుల్లో ఇక్కడ నడక సాగదు. మానేశాను. నడవని ఆ రెండున్నర నెలల్లో అయిదు కిలోలు తగ్గాను.

ఈ లెక్క నా కళ్ల ముందే ఉంది. సంతలో కూరగాయలవాడు తూకం కాస్త తగ్గించినా ఊరుకోను, మళ్లీ తూయిస్తాను. ఎక్కువ వేస్తే మాత్రం సంచి మూసుకుని వచ్చేస్తాను. ఇక్కడా అదే చేశాను.

సత్యవతి మాత్రం ఊరుకోలేదు. మా వైపు అక్కను అప్ప అంటారు.

"అప్పా, నీ జాకెట్లు సూడు, గోతాల్లాగ ఏలాడతన్నాయి. ఇది తగ్గడం కాదు, అరిగిపోడం."

"నీకు కుళ్లు," అన్నాను.

"కుళ్లే మరి. నాను ఎనబై కిలోలున్నాను. అయినా రాత్రుల్లు నీలాగ దగ్గట్నేదు కదా."

దగ్గు నిజమే. ఖనిజం బళ్లు పోయే లైను పక్కన నలభై ఏళ్లు బతికినదాన్ని, ఎర్రదుమ్ము దగ్గు అనుకున్నాను. దుకాణంలో సిరప్ కొనుక్కున్నాను. సాయంత్రాలు జ్వరం కాసేది. మితానిన్, అంటే మా వీధికి మందులు తెచ్చే ఆరోగ్య కార్యకర్త, వేలు గుచ్చి కిట్టు మీద చూసింది. "మలేరియా నహీ హై," అంది. బస్తర్‌లో జ్వరమంటే మలేరియా. అది కాదన్నారంటే ఇంకేమీ కాదన్నంత నిశ్చింతగా ఇంటికి పోతాం. ఇంకోసారి కూడా అదే పరీక్ష, అదే నిశ్చింత.

దసరాకి అందరం కలిసినప్పుడు విజయ నన్ను ముందుకు పిలిచి కుర్చీ వేయించింది. విజయ గని ఇంజనీరు భార్య, గుడివాడ పిల్ల. ఈ సమావేశాలన్నీ తనే నడుపుతుంది.

"పెద్దమ్మను చూడండి. డెబ్బై దాటిన ఆవిడ చేసింది మనం చెయ్యలేకపోవడానికి మనకేం రోగం?" అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వుతో పాటు దగ్గు వచ్చింది. ఎవరో నీళ్లిచ్చారు. చిట్కా చెప్పమంటే క్రమశిక్షణ గురించి పావుగంట మాట్లాడాను. చెప్పిందంతా నేను చేసిందే, ఒక్క అబద్ధం లేదు. నేను తగ్గడానికి కారణం మాత్రం అది కాదు. మర్నాటి నుంచి ఇద్దరు ముగ్గురు రాత్రి భోజనం మానేశారని విన్నాను.

నవంబరులో ఒక పొద్దున మొహం కడుక్కుంటుంటే దగ్గుతో నెత్తురు పడింది. సత్యవతి చూసింది. చీర మార్చుకుని వచ్చి, "నడు," అంది.

సర్కారు ఆసుపత్రిలో డాక్టరు చిన్నవాడు, హిందీలో మాట్లాడాడు. దగ్గు ఎప్పటి నుంచి అంటే వానల నుంచి అన్నాను. బరువు చూశారు, యాభై మూడు. జనవరిలో ఎంత అన్నాడు. అరవై ఎనిమిది అని చెప్పి, నేనే తగ్గించానని కూడా కలిపాను. అంత జరిగాక కూడా ఆ మాట కాస్త గొప్పగానే అన్నాను.

అతను రాయడం ఆపి నా మొహంలోకి చూశాడు. "మాజీ, ఆప్‌నే ఘటాయా, యా ఘట్ గయా?"

మీరు తగ్గించారా, తగ్గిపోయిందా.

చెస్ట్ ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగంలో కేవిటీ, అంటే గుల్ల, ఉంది. స్పూటమ్, అంటే కఫం, తీసుకుని సీబీనాట్ అనే పరీక్ష చేశారు. పల్మనరీ టీబీ. మామూలు మందులకే లొంగే రకం, అదృష్టం అన్నాడు. ఆరు నెలలు వాడాలి, ఒక్కరోజు కూడా మానకూడదు. ఎన్ని టాబ్లెట్లు వెయ్యాలో కూడా బరువును బట్టే నిర్ణయించారు. సత్యవతికి ఎక్స్‌రే తీశారు, ఏమీ లేదు. ఆమెకూ రాకుండా ఉండడానికి మందులిచ్చారు.

కొన్ని వారాలు జనంలోకి వెళ్లవద్దని డాక్టరు చెప్పాడు కాబట్టి డిసెంబరు ముప్పై ఒకటికి నేను వెళ్లేదాన్ని కాదు. ఆ మాట చెప్పేలోపలే, నా జబ్బు సంగతి ఎవరి ద్వారానో విని విజయ ఫోన్ చేసింది.

"పెద్దమ్మా, చలి ఎక్కువగా ఉంది, ఈ ఏడు మీరు ఇంట్లోనే రెస్ట్ తీసుకోండి. మాకు మీ ఆరోగ్యం ముఖ్యం."

"అలాగేనమ్మా."

"ఇంకో మాట. దసరాకి మీరు కూర్చున్న కుర్చీ గుర్తుందా? నీలందా, ఎర్రదా?"

"నీలంది," అన్నాను.

జనవరి ఒకటి పొద్దున మా గేటుకు ఒక సంచి తగిలించి ఉంది. అందులో స్టీలు డబ్బా, లక్ష్యం నెరవేర్చినందుకు బహుమతి. తెచ్చినవాళ్లు గేటు తీయలేదు, పిలవనూ లేదు. పారెయ్యమన్నాను. "డబ్బాకేటి రోగం?" అని సత్యవతి అందులో ఎండుమిరపకాయలు పోసింది.

ఆ నెలలోనే వాంతులు మొదలయ్యాయి. కళ్లు పచ్చబడ్డాయి. ఎల్‌ఎఫ్‌టీ, అంటే లివర్ పరీక్ష, చూసి డాక్టరు మందులన్నీ ఆపేసి అడ్మిట్ చేశాడు. మందు వేస్తే లివర్ పాడవుతుంది, ఆపితే ఊపిరితిత్తి పాడవుతుంది. ఈ రెండింటి మధ్య ఆ మంచం మీద పడుకున్నప్పుడు భయపడ్డాను. అంతకుముందు నా జబ్బుకు నేను భయపడలేదు, సిగ్గుపడ్డాను. పక్కనున్న సత్యవతితో, "నేను మిగలనేమో," అన్నాను.

"పోయేదానివి బూట్లెందుకు కొన్నావు? నాకు పట్టవవి," అంది. అటు తిరిగి కళ్లు తుడుచుకుంది.

రక్తపరీక్ష కుదుటపడ్డాక మందులను ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెట్టారు. ఆ ఏడాదికి నా లక్ష్యం ఎవరి ముందూ నిలబడి చెప్పినది కాదు. పొద్దున వేసుకున్న మందు కడుపులో నిలవాలి. ముందు పెట్టిన అన్నం తినాలి. నోట్లో రుచి లేదు. రెండు ముద్దలకే చెయ్యి కడుక్కోబోతే సత్యవతి చెంబు పక్కకు జరిపేసేది.

"తగ్గడానికి అంత కట్టపడ్డావు కదా, పెరగడానికీ పడు," అనేది. ఆమె ఉడకబెట్టిన గుడ్లు తినడానికి నేను పడ్డ కష్టం ముందు ఆ అయిదు నెలల నడక ఏపాటి? ఆ తినడానికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

మధ్యలో ఆగినందువల్ల మందులు ఆగస్టు దాకా సాగాయి. చివరి స్పూటమ్ నెగెటివ్ వచ్చింది. "టీబీ ఠీక్ హో గయా. దాగ్ రహేగా," అన్నాడు డాక్టరు. జబ్బు నయమైంది, మచ్చ ఉండిపోతుంది. ఇప్పుడు నా బరువు యాభై ఎనిమిది. మెట్లెక్కితే ఇంకా ఆయాసమే.

మొన్న డిసెంబరు ముప్పై ఒకటికి నన్ను మళ్లీ పిలిచారు. క్రమశిక్షణతో టీబీని జయించిన పెద్దమ్మ అని విజయ పరిచయం చేసింది. లేచి నిలబడి, నన్ను బతికించింది మందులూ, సత్యవతీ అని చెప్పాను. నా క్రమశిక్షణ చేసిందల్లా జబ్బు నాకు కనబడకుండా అడ్డం నిలబడడమే అన్నాను. విజయ తరవాతి పేరు పిలిచింది.

అది పద్మ. గని క్వార్టర్లలో ఉంటుంది, నలభై అయిదేళ్లు ఉంటాయి. నిరుడు పది కిలోలు తగ్గుతానని చెప్పిందట, పదకొండు తగ్గింది. చప్పట్లు కొట్టారు. స్టీలు డబ్బా చేతికిచ్చారు. దీపాల వెలుగులో ఆమె మెడ ఎముకలు నాకు కనబడుతున్నాయి.

"ఏం చేశావు పద్మా?" అని అడిగాను.

"పెద్దగా ఏం చెయ్యలేదు పెద్దమ్మా. నడక కూడా ఏప్రిల్లోనే మానేశాను. దేవుడి దయ."

"తిండి తగ్గించావా?"

"లేదండీ, ఆకలి ఇంకా ఎక్కువైంది."

"దాహం వేస్తోందా? రాత్రిళ్లు లేస్తున్నావా?"

ఆమె డబ్బా వైపు చూసింది. విజయ నా భుజం మీద చెయ్యి వేసింది. "పెద్దమ్మా, మంచి రోజు. మీకొచ్చిందని అందరికీ రావాలా?"

"నాకు వచ్చిందే వస్తుందని కాదు. రేపే ఆసుపత్రికి వెళ్లు పద్మా," అన్నాను. ఎవరో కేకు తెచ్చారు. పద్మ నాతో చెప్పకుండానే వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు సత్యవతి బజారు నుంచి వార్త తెచ్చింది. "పద్మకి సుగరంట అప్పా. సానా ఎక్కువుందంట. నీ మీద మండిపోతంది."

"నా మీద ఎందుకు?"

"మంచి రోజున నోరు సేసినావని."

"మందు వేసుకుంటోందా?"

"ఏసుకుంతంది."

ఇప్పుడు బజారులో నేను ఎదురైతే పద్మ రోడ్డు దాటి అవతలి వైపు నడుస్తుంది. మాట్లాడకపోతే మానె. ఆ మెడ దగ్గర కాస్త కండ పడుతోందా లేదా అని ఇవతలి నుంచే చూసుకుంటాను.

కొత్త సంవత్సరానికి బరువు తగ్గాలని అనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఎంత తగ్గారో చూసుకున్నప్పుడల్లా అందుకోసం ఏం చేశారో కూడా చూసుకోండి. చేసినదానికి మించి తగ్గితే ఎవరికీ చెప్పుకోకండి, ముందు డాక్టరుకు చెప్పండి.