అక్క ఏరిన కంకులు

డిగ్రీలో అభివృద్ధి అర్థశాస్త్రం చదివాక నాకు పొగరెక్కింది. వెనకబడిన దేశాల పొలాల్లో అవసరానికి మించి మనుషులుంటారట. కొందరిని తీసేసినా పంట తగ్గదట. వాళ్లను ఫ్యాక్టరీలకు పంపితే దేశం బాగుపడుతుందట. ఈ ముక్క రాసినవాడు ఎప్పుడైనా చేలోకి దిగాడా అని అడగాలని కూడా నాకు తోచలేదు. ఇంగ్లీషు పుస్తకంలో ఉంది కాబట్టి నిజమే అనుకున్నాను.

రుద్రారం పక్కన మా జొన్న చేలో పనిచేసేది నలుగురం. నాయిన, అమ్మ, నేను, కాపురం చెడి ఇంటికొచ్చిన అక్క. ఒకరోజు అన్నం తింటూ పాఠం ఒప్పజెప్పాను.

"ఈ పనికి ముగ్గురం సాలు నాయినా. అక్క మిగులు. కాజీపల్లిల మందుల కంపెనీకి పోతే జీతమన్న వస్తది."

నాయిన నా చదువు చూసి మురిసిపోయాడు. అక్క మాత్రం కంచంలోంచి తలెత్తలేదు.

"అంటే నేను ఉత్తగనే తింటున్ననా తమ్మీ?"

నేను మజ్జిగ పోసుకున్నాను. వారం తిరక్కుండానే ఆమె కంపెనీలో రసాయనాల డ్రమ్ములు కడిగే పనిలో చేరింది.

కోతకు ముందు చేనంతా ఒక్కతే తిరిగి, మంచి కంకులు ఏరి, ఎండబెట్టి, గింజకు బూడిద కలిపి విత్తనానికి కుండలో దాచేది అక్కే. అదొక పని అని మాకెవరికీ తట్టలేదు. మరుసటి ఏడు విత్తే వేళకు కుండ ఖాళీ. తిండి బస్తాలోంచి గింజలు తీసి నేనే విత్తాను. సగం పురుగు తిన్నవే. చేను బోసిపోయింది. మా జొన్న రకం విత్తనం కోసం ఊరంతా తిరిగాను. అందరూ ఎప్పుడో పత్తికి మారిపోయారు, పిడికెడు గింజలు దొరకలేదు. నాయిన ఆ ఏడే విసిగిపోయి చేనును గోదాము కట్టేవాళ్లకు అమ్మేశాడు.

మనకు సేద్యం రాదని తెల్లదొరలు అన్నారు. వాళ్లు పోయాక పుస్తకాలు రాసేవాళ్లు అదే మాటకు సిద్ధాంతమని పేరు పెట్టారు. దాన్ని మా ఇంట్లోకి మోసుకొచ్చింది మాత్రం నేనే. ఆ తప్పు ఏ దొర మీదా నెట్టలేను.

ఇప్పుడు పటాన్‌చెరు కాలేజీలో నేను అదే పాఠం చెబుతున్నాను. మొన్న అక్క వచ్చింది. వేళ్ల మీద తోలు ఊడిపోయి ఉంది, అన్నం కలుపుకుంటే మండుతుందని చెంచాతో తింటోంది.

"గా పాఠం ఇంక జెప్తున్నవా?" అని అడిగింది.

"పరీక్షల వస్తది అక్కా," అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"అయితె మంచిగ జెప్పు. పిల్లలు గూడ ఇంటికి వొయ్యి ఆళ్ల అక్కలకు జెప్పాలె గద."