గుట్ట మీది టీవీ సారు

సోమవారం పట్టిన ముసురు గురువారానికి కూడా విడవలేదు. పీకిన చెనక్కాయ చెట్లు చేలో కుప్పలుగా ఉండిపోయాయి. అట్లాగే వదిలేస్తే కాయ చెట్టుకే మొలకెత్తుతుంది. అందుకని తడి చెట్లనే మోసుకొచ్చి వసారాలో వేసుకొని నేనూ మా అమ్మా కాయలు తెంపుతున్నాం. ఆ పూట బేరానికి వచ్చిన రేణిగుంట సాయిబు గొడుగు మడిచి మెట్టు మీద పెట్టి, కాయల మాట ఎత్తకుండా ముందు ఇది చెప్పాడు.

"మీ గుట్ట మీద టీవీ సారు ఉండె సూడు, ఎండాకాలంలో స్వెటర్ ఏసుకుంటా ఉండె, ఆయప్ప పోయినాడన్నా. మా వీదిలోనే బాడుగకుండె. మొన్న శుక్రారం వాకిట్లో పాల పాకెట్టు అట్లే ఉండిపోయింది. తలుపు తట్టి సూస్తే తెలిసింది."

"ఎవురుండిరి ఆయప్ప కాడ?" అని అడిగింది అమ్మ.

"అప్పుడు ఎవురూ లేరు పెద్దమ్మా. సాయంత్రానికి కూతురొచ్చింది ఒంగోలు నుంచి."

 అమ్మ చేతిలోని చెట్టును దులిపి మళ్ళీ కాయలు తెంపడం మొదలుపెట్టింది. సాయిబు ఒక కాయను చిదిమి పప్పు చూసి, తడి ఎక్కువుంది, ఎండ వచ్చినాక వస్తానని వెళ్ళిపోయాడు.

ఆయన పేరు మా ఊళ్ళో సగం మందికి తెలియదు. టీవీ సారు అనే పిలిచేవాళ్ళం. ఆయన గురించి నేను రాయడానికి కారణం ఒకటే. ఆ గుట్ట కింద చేలో ఉన్న ఇల్లు మాదొక్కటే.

గుట్ట మీద టవరు లేవక ముందు మా వైపు ఊళ్ళకు మద్రాసు టీవీ బొమ్మే దిక్కు. ఎత్తయిన ఇనుప గొట్టాలకు యాంటెన్నాలు కట్టి తూర్పుకు తిప్పి పెట్టేవాళ్ళం. గాలి వీస్తే బొమ్మ పోయేది. మా అమ్మ అరవం నేర్చుకున్నది అట్లాగే. టవరు వచ్చాక యాంటెన్నాలన్నీ గుట్ట వైపు తిరిగాయి. ఢిల్లీ నుంచి, హైదరాబాదు నుంచి ఆకాశం మీదుగా వచ్చే బొమ్మను పెద్ద ఇనుప గొడుగుతో పట్టి చుట్టుపక్కల ఊళ్ళకు వదలడం అక్కడి పని. దాన్ని రిలే సెంటర్ అనేవారు. ఉద్యోగులు కొద్దిమంది. తక్కినవాళ్ళు చిత్తూరు నుంచో తిరుపతి నుంచో వచ్చి డ్యూటీ చూసుకొని పోయేవారు. సారు ఒక్కరే మా ఊళ్ళో గది తీసుకొని ఉండిపోయారు.

ఒంగోలు మనిషి. భార్య అక్కడ బడిలో టీచరు. బదిలీ కుదరలేదని ఒకసారి అన్నారు. ఇంకోసారి అడిగితే వానల గురించి మాట్లాడారు. తర్వాత నేను అడగలేదు.

రిలే సెంటర్లో మిషను వేడెక్కకూడదని దాని గదిలో ఏసీ పెట్టారు. గదిలో కూర్చొని కూర్చొని ఆయనకు చలి ఒంట్లో పట్టిపోయింది. నడి వేసవిలో కూడా గోధుమరంగు స్వెటర్‌తో మోపెడ్ మీద గుట్ట దిగేవారు. పిల్లలు వెంటబడి నవ్వేవాళ్ళు. ఎండకు తాళలేక మా ఊరి పెద్దమనిషి ఒకాయన, ఆ గదిలో ఒక గంట పడుకోనియ్యమని అడిగితే, "ఆ చల్లదనం మిషనుకండీ, మనుషులకు కాదు" అన్నారు. ఆ పెద్దమనిషి చాలా రోజులు సారుతో మాట్లాడలేదు. సారు మాటతీరే అంత. అడిగినదానికి మెత్తగా జవాబు చెప్పడం రాదు.

ఆ రోజుల్లో బొమ్మ కాసేపు ఆగిందంటే జనం గుట్టెక్కేవారు. ఒక క్రికెట్ మ్యాచి రోజు నాకు బాగా గుర్తు. కరెంటు పోయింది, జనరేటరులో డీజిలు అయిపోయింది. సారు గేటుకు తాళం వేసి లోపల నిలబడ్డారు. బయట ఊరు ఊరంతా ఉంది.

"ఏం సారూ, మనోళ్ళు గెలిసే టయానికి బొమ్మ తీసేసినావే?"

"నేను తీయలేదండీ. డీజిలు లేదు. తేవడానికి మనిషి వెళ్ళాడు."

"లేకపోవడమేంది, తాగేసినావా?"

"తాగితే ఇంత నిదానంగా మాట్లాడతాడా అబ్బా. అమ్ముకోనుంటాడు."

"అండీ అండీ అంటానే మన కొంప ముంచినాడు సూడు."

చివరికి ట్రాక్టరు ఉన్న ఒకాయన సారును తిట్టుకుంటూనే కిందికి పోయి, తన బండిలోని డీజిలు క్యానుతో మోసుకొచ్చాడు. బొమ్మ వచ్చింది. జనం పరుగెత్తుకుంటూ దిగిపోయారు, ఒక్కరూ వెనక్కు తిరిగి చూడలేదు. ఆ సాయంకాలం సారు మా ఇంటికి వచ్చి ఆ తిట్లన్నీ ఒక్కొక్కటే చెప్పారు. మొహంలో కోపం లేదు. పెళ్ళికి పోయి వచ్చిన మనిషి అక్కడి వంటలు చెప్పినట్టు చెప్పారు. "బొమ్మ పోతే నన్ను తిట్టండి. వస్తుంటే నన్ను తలుచుకోవద్దు" అనేవారు. ఇంకో మాట కూడా తరచుగా అనేవారు: "మన పని పంపడం. చూడ్డం, చూడకపోవడం వాళ్ళిష్టం."

మా ఇంటికి ఆయన రాకపోకలు ఒక ఫిర్యాదుతోనే మొదలయ్యాయి. మా ఇల్లు గుట్టకు వెనక పల్లంలో ఉంది. టవరు నెత్తి మీదే ఉన్నా మాకు బొమ్మ రెండుగా కనిపించేది. మనిషి పక్కనే మనిషి నీడ. సారు ఒక ఆదివారమంతా మా మిద్దె మీద యాంటెన్నా పట్టుకొని తిరిగి, ఆ నీడ పోయే చోటు కనిపెట్టి అక్కడ గొట్టం పాతారు. అది మొదలు, సాయంకాలం డ్యూటీ దిగి పోతూ మా గడప దగ్గర ఆగి, బొమ్మ ఎలా ఉందో చూసి పోవడం అలవాటైంది. కూర్చోమన్నా కూర్చునేవారు కాదు. కథ చూసేవారు కాదు, బొమ్మలోని గీతలు చూసేవారు. సీరియల్లో ఆడమనిషి కష్టానికి అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటుంటే, "ఆ చీర ఎరుపు కొంచెం కారుతోందండీ, రంగు తగ్గించండి" అనేవారు.

ఏ కార్యక్రమం వేయాలో సారే నిర్ణయిస్తాడని మా ఊళ్ళో చాలామంది నమ్మకం. హిందీ వార్తలు ఆపేయమని సంతకాలు పెట్టి కాగితం ఇచ్చినవాళ్ళున్నారు. మా అమ్మ సంతకాల దాకా పోలేదు, నేరుగానే అడిగేది.

"ఏం సామీ, శనారం సినిమాలో ఆ పిల్లను సంపేస్తివే. పెండ్లి చేసింటే నీ సొమ్మేం పోయింటాది?"

మొదట్లో సారు ఢిల్లీ, హైదరాబాదు, ఆకాశంలో తిరిగే ఉపగ్రహం అన్నీ విడమరిచి చెప్పారు. అమ్మ ఓపిగ్గా విన్నది. "అదంతా సరే. వచ్చే వారం నవ్వేది ఏదన్నా ఎయ్యి" అన్నది. "చూస్తానమ్మా" అన్నారు ఆయన. మరుసటి వారం నిజంగానే నవ్వుల సినిమా వచ్చింది. అమ్మ సంగటిలోకి నూరిన చెనక్కాయ ఊరిబిండి గిన్నెలో పెట్టి నా చేత గుట్ట మీదికి పంపింది. సారు వద్దనలేదు.

తర్వాత ఊళ్ళోకి కేబుల్ వచ్చింది. మిద్దెల మీది యాంటెన్నాలకు పని పోయింది. కొన్నింటిని పాత ఇనుము వాళ్ళకు వేశారు. కొన్నింటి గొట్టాలకు తీగ కట్టి బట్టలు ఆరేసుకున్నారు. ఒక ఇంట్లో చిక్కుడు తీగ ఎక్కించారు, అది బాగా కాసింది. సారు మోపెడ్ మీద ఊళ్ళో పోతూ మిద్దెల వైపు చూసుకుంటూ పోయేవారు. ఒకసారి అట్లా చూస్తూ ఎద్దులబండికి తగలబోయారు. మా ఇంటి దాకా కేబుల్ రాలేదు. చేలో ఉన్న ఒక్క ఇంటి కోసం అంత వైరు లాగడం గిట్టదన్నారు. ఆ విధంగా మా మిద్దె మీద యాంటెన్నా మిగిలింది. చూడ్డం, చూడకపోవడం వాళ్ళిష్టం అన్న మాట ఆయన అనడం మానుకున్నారు. ఎప్పుడు మానుకున్నారో నేను గమనించలేదు.

ఒక వేసవిలో తెల్లవారుజామున ఉరుములతో వాన కురిసి వెలిసింది. ఆ మధ్యాహ్నం, తాడు తెంపుకొని పోయిన ఆవును వెతుక్కుంటూ నేను గుట్టెక్కాను. సెంటరు గేటు బార్లా తెరిచి ఉంది. సారు వసారాలో కుర్చీ వేసుకొని, ఫోనును కిటికీలోకి లాగి పెట్టుకొని కూర్చున్నారు.

"పిడుగు పడి మిషనులో ఒక భాగం కాలిపోయిందండీ. తిరుపతి నుంచి తెస్తున్నారు. అంతదాకా బొమ్మ లేదు."

"గేటు తెరిచినారే?"

"ఎవరైనా వస్తారని."

నేను ఆవును చూశారా అని అడిగాను. చూడలేదన్నారు. ఆయనే మళ్ళీ అన్నారు: "పొద్దుటి నుంచి ఒక్కరూ రాలేదు. ఫోను పాడైందేమోనని ఎత్తి చూశాను. బాగానే ఉంది."

మరుసటి రోజు సాయంకాలం గడప దగ్గరికి వచ్చి అమ్మను అడిగారు: "నిన్నంతా బొమ్మ లేదు కదమ్మా. మీరు కూడా ఏమీ అనలేదేం?"

"నిన్న యాడ సూస్తి సామీ. ఎనుము ఈనింది. టీవీ పెట్టనే లేదు" అన్నది అమ్మ.

సారు తల ఊపారు. ఎప్పుడూ కూర్చోని మనిషి ఆ రోజు గడప మీద కూర్చున్నారు. అమ్మ జున్ను ఇస్తే తిన్నారు. వెళ్ళేటప్పుడు టీవీ వైపు చూడలేదు.

ఆ మరుసటి రోజు నుంచి అమ్మ తిట్టడం మొదలుపెట్టింది. ఆయన మోపెడ్ శబ్దం వినగానే చేస్తున్న పని వదిలి వచ్చి టీవీ పెట్టేది.

"ఏంది సామీ నీ బొమ్మ, అంతా సుక్కలు సుక్కలు."

"ఈ పొద్దు గొంతు రాలే. మూగోళ్ళ మాదిరి నోర్లు ఆడిస్తా ఉండారు."

"గవుర్మెంటు జీతం తింటా ఉండావే, ఒక్క పూటన్నా మంచి బొమ్మ సూపించినావా?"

నేను చూస్తూనే ఉన్నాను. బొమ్మ అద్దంలా ఉండేది. సారు నిచ్చెన వేసుకొని మిద్దె ఎక్కేవారు. యాంటెన్నాను ఇటు తిప్పి, అటు తిప్పి, ముందు ఉన్న చోటే మళ్ళీ నిలబెట్టేవారు. "ఆఁ, ఇప్పుడొచ్చింది" అని అమ్మ లోపలి నుంచి కేకేసేది. ఆయన దిగి వచ్చి, స్వెటర్‌కు అంటిన తుప్పు దులుపుకొని వెళ్ళిపోయేవారు. ఈ వ్యవహారం చాలా కాలం నడిచింది. దాని గురించి వాళ్ళిద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

తిరుపతిలో పని చేసే మా తమ్ముడు ఒకసారి డిష్షు కొని పెట్టెతో సహా తెచ్చాడు. అమ్మ దాన్ని విప్పనివ్వలేదు.

"వంద చానళ్ళు వస్తాయి మా" అన్నాడు వాడు.

"నాకుండేవి రెండు కండ్లు."

"ఊరంతా సూస్తా ఉంటే మనకొక్కరికేనా ఈ కర్మ?"

"ఊరంతా సూస్తా ఉండారు, సరే. ఆయప్ప బొమ్మ ఎవురు సూస్తారు?"

వాడు నా వైపు చూశాడు.  పెట్టె అటక ఎక్కింది.

సారుకు అది ఎట్లా తెలిసిందో తెలిసింది. "పెట్టించుకోండమ్మా, దాంట్లో బాగుంటుంది" అన్నారు. "నీ బొమ్మకేం రోగమొచ్చింది?" అన్నది అమ్మ. అప్పుడు ఆయన నవ్వారు. నవ్వితే పై పళ్ళలో ఒకటి లేదని నాకు ఆ రోజే తెలిసింది.

మద్రాసు లాంటి పెద్ద ఊళ్ళలో డిజిటల్ టవర్లు పెడుతున్నారన్న మాట కూడా ఆయన నోటనే విన్నాను. తీగా డిష్షూ అక్కర లేకుండా, మామూలు యాంటెన్నాకే చుక్క లేని బొమ్మ వస్తుందట. ఒక్క టవరు నుంచే నాలుగైదు చానళ్ళు వస్తాయట. చెబుతున్నప్పుడు ఆయన గొంతు కొంచెం లేచింది.

"అట్లయితే జనాలు మళ్ళా యాంటినాలు ఎత్తుతారు గదా సామీ" అన్నది అమ్మ.

"మన దాకా రాదమ్మా. ఇంత చిన్న సెంటర్లకు పెట్టరు. ఇవి ఎత్తేస్తారనే అంటున్నారు. ఎలాగూ అంతదాకా నేనుండను. నాది అయిపోవచ్చింది."

అమ్మ "అట్లనా" అని మాత్రం అన్నది.

ఆయన సర్వీసులో చివరి సాయంకాలం ఎప్పటిలాగే వచ్చారు. ఆఫీసులో దండ వేశారేమో, స్వెటర్ మీద బంతిపూల రేకలు ఉన్నాయి. సామానంతా మధ్యాహ్నమే రేణిగుంటకు పంపించానన్నారు. ఒంగోలుకు కాదా అని నేను అడగలేదు. టీవీలో ఏదో పాటల కార్యక్రమం వస్తోంది. సారు గడప అవతలే నిలబడి, తిట్టు కోసం కాచుకున్నట్టు అమ్మ వైపు చూశారు. అమ్మ మాట్లాడలేదు. నిచ్చెన వేయాలా అన్నట్టు ఆయన గోడ వైపు ఒక అడుగు వేసి ఆగారు.

"ఇవాళ బొమ్మ ఎలా ఉందమ్మా?"

అమ్మ టీవీ వైపు చూసింది. పాట అయిపోయేదాకా చూసింది.

"బాగుండాది సామీ."

"చుక్కలు?"

"లేవు."

ఆయన ఇంకొంచెం సేపు నిలబడి, వస్తానమ్మా అని చెప్పి మోపెడ్ తోసుకుంటూ కాలిబాట దాకా నడిచారు. అక్కడి నుంచి ఎక్కి పోయారు.

అది మే నెల ఆఖరి రోజు. మరుసటి రోజు పొద్దున మొదటి బస్సు పైన మోపెడ్ వేయించుకొని సారు మా ఊరి నుంచి వెళ్ళిపోయారు.