ఊపిరి బిగబట్టాలా, ఒగ్గేయాలా

పాడేరులో జరిగే సైన్స్ ఫెయిర్ సర్క్యులర్ వచ్చింది. జడ్జీల లిస్టులో ఆ పేరు చూడగానే ఒళ్ళు మండిపోయింది. ఆ వెంటనే సంతోషమేసింది. ఇన్నేళ్ళకి దొరికాడు అనుకున్నాను.

ఆయన నా ఎనిమిదో తరగతి సైన్స్ మాస్టారు. కింద మైదానం నుంచి మా ఆశ్రమ పాఠశాలకి వచ్చాడు. ఓ రోజు రాకెట్ పాఠం చెబుతుంటే లేచి, "అక్కడ గాలే లేకపోతే మనిషికేటవుద్ది సార్?" అని అడిగాను.

"అంతరిక్షం నీకెందుకే? సాయంత్రం ఆఫీసర్లొస్తున్నారు. పోయి థింసా డాన్సుకి వరసలో నిలబడు."

క్లాసంతా నవ్వింది. నిలబడ్డాను, ఆడాను, ఆఫీసర్లు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఆయన క్లాసులో నోరు విప్పితే ఒట్టు.

ఇప్పుడు డుంబ్రిగుడ దగ్గర ఓ ఆశ్రమ పాఠశాలలో నేనే సైన్స్ టీచర్ని. ఫెయిర్‌కి ఏడో తరగతి ఆడపిల్లని, ఓ గుంటని తయారుచేశాను. అంతరిక్షంలో మనిషి ఒంటికి ఏమవుతుందో చెప్పడం దాని పని. సగం నేను నేర్పాను, సగం అదే కనిపెట్టింది. వాళ్ళ నానమ్మ రోజూ కట్టెల మోపు మోస్తుంది కాబట్టి ఎముకలు గట్టిగా ఉన్నాయట. అక్కడ బరువే తెలియదు గనక ఎముకలు పలచబడతాయట. కాళ్ళకి దిగాల్సిన నీరు పైకెక్కి మొహం ఉబ్బుతుందట. కింద శృంగవరపుకోటలో కొన్న చిప్స్ ప్యాకెట్ ఘాట్ ఎక్కేసరికి బూరలా ఉబ్బుతుంది కదా, గాలి లేని చోట మన ఊపిరితిత్తులూ అంతేనట.

ఫస్ట్ వచ్చినవాళ్ళని విశాఖ పంపిస్తారు. అక్కడికి రాకెట్లు తయారుచేసే సైంటిస్టు ఒకాయన వస్తాడు. మోపు దించినప్పుడు నానమ్మ ఒళ్ళు తేలిపోతుందంటుంది, అంతరిక్షంలోనూ అలాగే ఉంటుందా అని ఆయన్ని అడగాలని ఈ గుంట కోరిక. నెలరోజులుగా అదే కలవరింత.

నా కోరిక వేరు. మాస్టారి గాలి తీసేయాలి, అదీ నలుగురిలో. అందుకు ఓ ప్రశ్న తయారుచేశాను.

"జడ్జీని మనం అడగొచ్చా టీచర్?" అంది గుంట, భయంగా.

"నేనున్నాను. అడుగు."

పదిసార్లు అప్పజెప్పించుకున్నాను.

ఫెయిర్ రోజు మాస్టారొచ్చాడు. జుట్టు నెరిసింది, గొంతు మారలేదు. నా మొహంలోకి చూసి కూడా గుర్తుపట్టలేదు. దాంతో నా కసి రెట్టింపయింది. గుంట గడగడా చెప్పుకుపోయింది. ఆయన తలాడిస్తూ మార్కులెయ్యడానికి పెన్ను తీశాడు. నేను కళ్ళతో సైగ చేశాను.

"సార్, డ్రెస్సు చిరిగిపోయి గాలి లేని చోట బయటుండిపోతే, ఊపిరి బిగబట్టాలా, ఒగ్గేయాలా?"

"బిగబట్టాలి. నీళ్ళలో మునిగినప్పుడు ఏం చేస్తాం?"

"కాదు సార్. బిగబడితే లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులు సిరిగిపోతాయి. ఒగ్గేయాల. ఒగ్గేసినా తెలివుండీది కొన్ని సెకన్లే. బేగి మనిషిని రాకెట్లోకి లాగీయాల."

చుట్టూ చేరిన పిల్లలు గొల్లున నవ్వారు. ఆయన మొహం మాడిపోయింది. పెన్ను జేబులో పెట్టుకుని పక్క టేబుల్‌కి పోయాడు. టేబుల్ వెనక నిలబడి కరువుతీరా నవ్వుకున్నాను. ఇన్నేళ్ళలో ఏ పండగకీ అంత హాయి అనిపించలేదు నాకు.

సాయంత్రం ఫలితాలు చెప్పారు. సోడా పొడి, వెనిగర్ పోసి పొంగించిన అగ్నిపర్వతానికి ఫస్ట్ వచ్చింది. మా గుంటకి పాల్గొన్నట్టు ఓ సర్టిఫికెట్ ఇచ్చారు.

తిరిగొస్తూ జీపులో దానికి నా కథంతా చెప్పాను. ఆ మాస్టారు నన్నేమన్నాడో, ఈ రోజు అది నా తరఫున ఎంత గొప్ప పని చేసిందో విడమరిచి చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను. అది సర్టిఫికెట్ చుట్టచుట్టి ఒళ్ళో పెట్టుకుని వింది.

"నాకు విశాఖలో అడగాల్సింది ఉండీది," అంది. "మీ మాస్టార్ని మీరే అడగొచ్చు కదా టీచర్."