సముద్ర సింహాలూ, చెరకు తోటలో గొడుగూ

2006 ఫిబ్రవరి 12, ఆదివారం ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు, బుచ్చయ్యపేట దగ్గర మా బావ చెరకు తోటలో నరుకుడు మొదలయింది. నన్ను అక్కడికి పంపింది మా అక్క. కిందటి ఏడు అదే తోటలో అడవిపంది బావ ఎడమ పిక్క చీల్చింది. ఈసారి ఆయన బల్లెం నూరి పెట్టుకున్నాడు.

"ఆ రెండో కాలైనా దక్కించరా," అన్నది అక్క.

అక్కడి పద్ధతి ప్రకారం చెరకును నాలుగు వైపుల నుంచీ లోపలికి నరుక్కుంటూ వస్తారు. పందులు నడిమికి ముడుచుకుంటాయి. చివరి గుబురు మిగిలినప్పుడు చుట్టూ నిలబడి పొడుస్తారు. మాంసం ఊరంతా పంచుకుంటారు.

బడిలో పిల్లలకు చెప్పడం కోసం ఆ వారమంతా నేను సముద్ర సింహాల వేట చరిత్ర చదువుతున్నాను. ఒడ్డుకు వచ్చి పిల్లలను కనే ఆ భారీ జంతువులను ఉత్తర ధ్రువం వైపు చలి సముద్రాల దీవులవారు తరతరాలుగా వేటాడారు. మాంసం తిండికి, తోలు పడవలకు, పేగులు వానకోట్లకు. తరువాత వర్తకులు నూనె కోసం, జాలరులు చేపలు తినేస్తున్నాయన్న కోపంతో చంపారు. దీవులవారు మందకూ నీటికీ నడుమ చొరబడి దారి మూసేవారు. ఆపైన గొడుగులు ఠక్కున విప్పుతూ, మూస్తూ వాటిని ఊరిదాకా తోలుకుపోయేవారు.

ఎండకని తెచ్చుకున్న గొడుగు పక్కన పెట్టుకుని, గట్టు మీద టీ తాగుతూ ఇదంతా బావకు చెప్పాను.

"సముద్రంలో సింవాలేటి బామ్మర్దీ? జూలుంటాదా ఆటికి?"

"మగవాటి మెడకు ఉంటుంది."

"గొడుగు సూసి బెదిరేదానికి సింవమని పేరెట్టేరా! మా పందే నయం."

కూలీలంతా నవ్వారు. నేను నవ్వలేదు.

"బావా, నీ పిక్క చీల్చిన రోజు పందికి ఏ వైపు దారి ఉంది?"

"యే వైపూ లేదు. నాలుగేపులా మేమే."

"అయితే అది నీ మీదికి రాలేదు. బయటికి పోతోంది. నువ్వు అడ్డం ఉన్నావు."

ఆయన పిక్క మీది మచ్చ తడుముకున్నాడు.

"సరే, ఈపాలి కొండేపు దారి ఇడిసిపెడదాం. ఊరోళ్లు గిన్నెలు కడుక్కుని కూకున్నారు. ఆళ్లకి నేను సెప్పుకుంతాను. పంది ఇటేపొస్తే బెదరగొట్టడానికి గొడుగు మట్టుకు నువ్వే పట్టాల."

ఊరి వైపు నుంచి మాత్రమే నరికించాడు. కొండ వైపు మనిషిని ఉంచలేదు. మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలకు గడలు కదిలాయి. ఆడపంది మా వైపే తల బయటపెట్టింది, వెనక పిల్లలు. బావ బల్లెం ఎత్తలేదు. నేను గొడుగు మీట నొక్కాను. అది సగం విచ్చుకుని ఇరుక్కుపోయింది. పంది ఒక్క క్షణం చూసి వెనుదిరిగింది. పిల్లలతో సహా కొండ ఎక్కేసింది.

"సింవాలకి పనిసేసిందేమో గానీ, ఇక్కడ నీ గొడుగు తుస్సు!" అన్నాడు బావ.

ఒప్పుకుంటాను. పని చేసింది తెరిచి ఉంచిన దారి.

పోయినవి: పందులు తొక్కిన చెరకు ఒక బండెడు, ఊరికి ఒక పూట కూర, గొడుగు పుల్లలు రెండు. మిగిలినవి: తల్లి పంది, దాని నాలుగు పిల్లలు, బావ కుడి కాలు.