నూరకూడని మందు

నా చిన్నప్పుడు మా ఇంట్లో మందు అంటే నూరేదే. శొంఠి నూరాలి, కరక్కాయ నూరాలి, వసకొమ్ము అరగదీయాలి. ఎవరికి ఏ జబ్బు చేసినా మా జేజి, అంటే మా నాయనను కన్నతల్లి, ముందు రోగిని చూసేది కాదు, కల్వం యాడుందో చూసేది. నల్లరాతి కల్వం అది. నూరి నూరి నడుమ గుంతపడి అద్దం మాదిరి నున్నగా ఉండేది. మన మాటలోనే ఉంది కదా, మందు నూరడం అని. మింగడం ఆ తర్వాతి సంగతి. ఆ ఒక్క మాట పట్టుకొని మా ఇంట్లో మా అమ్మను పదకొండు దినాలు ఏడిపించినాం. నూరిన చేతులు నావి. అందుకే ఇన్నేండ్లయినా అది తలచుకుంటే నాకు వేరేవాళ్ల మీద కాదు, నా మీదే కోపమొస్తుంది.

మాది పత్తికొండ పక్కన మెట్టసేద్యం పల్లె. ఆ ఎండాకాలం మా అమ్మకు కీళ్లవాపు వచ్చింది. మోకాళ్లు, మణికట్లు ఎర్రగా ఉబ్బినాయి. పొద్దున లేస్తే చెంబు పట్టుకోను కూడా వేళ్లు ముడుచుకునేవి కావు. నాలుగు వానలు పడితే విత్తనం వేయాలి. మా సేను పనికి అమ్మే పెద్ద చేయి. ఆమె అట్ల గోడకు ఆనుకొని కూర్చుంటే ఇల్లంతా కుంటిదైనట్టుండేది. నాయన బస్సెక్కించి కర్నూలుకు పిలుచుకపోయినాడు. నేనూ పోయినాను. నాకప్పుడు తొమ్మిదేండ్లు. అంతకు ముందటేడే బడి మానిపించినారు కాబట్టి అమ్మకు చీర సర్దను, నీళ్లు తాపను నేనే ఉండేదాన్ని.

నాయన బయట చీటీ కోసం నిలబడి ఉన్నప్పుడు డాక్టరమ్మ మాత్రలు నా చేతికే ఇచ్చింది. ఎర్రటి మాత్రలు, గాజు మాదిరి మెరుస్తా ఉన్నాయి. అన్నం తిన్నంక నీళ్లతో మింగాలని, నమలకూడదని, నూరకూడదని నా కండ్లలోకి చూసి చెప్పింది. నేను చదివింది ఒకటో తరగతే, రాసుకోలేను. బస్సులో కూర్చున్నంత సేపూ ఆ మాటే గొణుక్కుంటా వచ్చినాను, యాడ మరచిపోతానో అని.

మరచిపోలేదు. ఇంటికి వస్తూనే జేజితో చెప్పినాను, నూరకూడదంట జేజీ అని. ఒకే ఒకసారి చెప్పినాను.

"ఆయమ్మ ఎప్పుడన్నా కల్వం పట్టిందా?" అనింది జేజి. "నూరకుంటే మందెట్లైతాది మే? రాయి మింగినట్ల మింగితే రాయి మాదిరే పోతాది. నూరు."

కల్వం నా ముందర పెట్టింది. మా నాయనే ఆమె మాటకు ఎదురు చెప్పడు, ఇంక నేనెంత? నూరినాను. మాత్ర పగిలితే పైనున్న ఎర్ర పొర పెచ్చులు పెచ్చులుగా ఊడింది, లోపల తెల్లటి పిండి. జేజి ఆ పెచ్చులు చూసి, "పొట్టు ఊదెయ్" అనింది. కందులు వలిచినా, పెసలు విసిరినా పొట్టు ఊదెయ్యడమే మాకు తెలిసిన పద్ధతి. ఊదేసినాను. ఎర్ర పొర గాలికి పోయింది. తెల్లపిండి తేనెలో కలిపి అమ్మ నాలుకకు రాసినాం.

రెండో దినానికే అమ్మకు కడుపులో మంట మొదలైంది. మూడో దినం తిన్నది తిన్నట్టు కక్కుకుంది. జేజి మజ్జిగ తాపింది, ఇంగ్లీషు మందు వేడి చేస్తాదిలే అనింది. అయినా తగ్గకపోతే తప్పు నాదయింది. పిండి గరుకుగా ఉండాది, మెత్తగా నూరలేదు, అందుకే పేగుకు పట్టుకుంటాంది అని నన్ను తిట్టింది. నేను ఇంకా మెత్తగా నూరినాను. నేను ఎంత మెత్తగా నూరితే అమ్మ అంత గట్టిగా కడుపు పట్టుకునేది. నూరేటప్పుడు డాక్టరమ్మ మాట నా గొంతు దాకా వచ్చేది. వచ్చి ఆడనే ఆగేది.

పదకొండో దినం అమ్మ ముఖం పక్కకు తిప్పుకొని, "ఇంక నాకొద్దు. కీళ్లు పోతే పోనీ" అనింది. ఆ మాటకు జేజి కూడా కల్వం మీదనుంచి చేయి తీసేసింది. మందు లేకపోతే అమ్మ లేచి నడవదని ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ మరుసటి దినం ఆదివారం. డోన్‌లో కాంపౌండరు పని చేసే మా మామ, అమ్మకు తమ్ముడు, అక్కను చూడను వచ్చినాడు. మేమందరం పడసాలలో కూర్చొని విత్తనం బుడ్డలు వలుస్తా ఉన్నాం. వేరుశనగ కాయలను మేము బుడ్డలంటాం. మామ అమ్మ దగ్గర కొంచెంసేపు కూర్చున్నాడు, మాత్రల పొట్లం చూసినాడు, కల్వంలో అంటుకొని ఉన్న తెల్లపిండి చూసినాడు. నన్ను చూసినాడు. నేను తల దించుకున్నాను. అరుస్తాడనుకున్నాను, అరవలేదు. మా జేజి మీద అరిస్తే పని కాదని ఆయనకు బాగా తెలుసు.

రెండు గిన్నెలు తెమ్మన్నాడు. ఒకదాంట్లో చింతపండు పిసికిన పులుసు పోయించినాడు. ఇంకోదాంట్లో చౌడు నీళ్లు. మా వైపు చౌడుమట్టి నీళ్లలో కలిపి, తేట వంచి, ఆ తేటలో బట్టలుతికేవాళ్లం. రెండిట్లోనూ ఒక్కొక్క మాత్ర వేసినాడు. మాత్రలు పాడు చేస్తాండావని జేజి నొచ్చుకుంది.

"ఏది ముందు కరుగుతాది అత్తా?" అన్నాడు మామ.

"ఇంత మాత్రం తెలీదా అప్పా? పులుసే. రాగిచెంబు చిలుమునే తినేస్తాది, నీ మాత్ర ఒక లెక్కా?"

"అట్లయితే చేటెడు గింజలు వలిచినంక చూద్దాం."

వలిచినాం. మామ వలుస్తా గింజలు రెండు కుప్పలు చేస్తా ఉన్నాడు. పైపొర లేచిన గింజ ఒక పక్క, పొర బాగున్నది ఇంకో పక్క. పొర లేచింది విత్తనానికి పనికి రాదని ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు, పల్లెలో పుట్టినోడే. కానీ మధ్యలో ఒకసారి, "అత్తా, ఈసారి విత్తనం నూరి చల్లితే ఎట్లుంటాది? తొందరగా మొలుస్తాదేమో" అన్నాడు. డోన్ నీళ్లు తాగి నీకు మతి పోయిందని జేజి నవ్వింది. అమ్మ కూడా పక్కలోనుంచే కొంచెం నవ్వింది. పన్నెండు దినాల్లో అదే మొదటిసారి.

చేట నిండినంక గిన్నెలు ముందరికి జరిపినాడు. పులుసులో మాత్ర వేసింది వేసినట్టే ఉంది, ఎర్రగా, నున్నగా. చౌడు నీళ్లలోది పొర విడిచి, తెల్లగా విచ్చుకొని, అడుగున పిండిగా కూలిపోయి ఉంది. జేజి వేలు పెట్టి చూసింది. మళ్లీ పులుసులోది తీసి గోటితో గీకి చూసింది.

అప్పుడు మామ అడిగినాడు, బట్టలుతికేటప్పుడు అక్క లక్కగాజులు తీసి మేకుకు ఎందుకు తగిలిస్తాదని. చౌడు తగిలితే లక్క మెరుపు పోతాది కాబట్టి అని జేజి టక్కున చెప్పింది. చెప్పి, గిన్నె వైపు చూసి, ఆగిపోయింది.

మాత్ర మీద ఉన్నదీ ఆ లక్కే. మామ నిదానంగా చెప్పినాడు. మన కడుపులో ఉండేది పులుసు, అది దాటి పేగులోకి పోతే ఆడ ఒకింత చౌడు గుణం ఉంటాది. ఈ మందు కడుపులో పడితే ఆడనే కొరుకుతుందని తెలిసే, దాన్ని చేసినోళ్లు పులుసుకు కరగని చొక్కా తొడిగినారు. యాడ విప్పుకోవాల్నో ముందే అనుకొని కుట్టిన చొక్కా అది. దాన్ని మనం పొట్టు అని ఊదేసినాం.

నాకు అప్పుడు నోరొచ్చింది. పేగులో కరిగితే మోకాలికి తోవ దానికెట్ల తెలుస్తాది మామా అని అడిగినాను.

"దానికి తోవ తెలీదు పాపా. నెత్తురుతో పాటు ఒళ్లంతా తిరుగుతాది. బీగంచెవి ఊళ్లో అన్ని తలుపులకూ పెట్టి చూసినా, దానికి పట్టే బీగం ఒకటే కదా తెరుచుకునేది. అట్ల."

"మోకాట్లో ఉండే బీగమా?"

"ఆ. కానీ అట్లాంటి బీగమే కడుపు గోడకూ ఒకటి ఉండాది. అందుకే చొక్కా తొడిగినా మంట అంతా పోదు. అన్నం తిని మింగమనేది అందుకే."

నాకది నచ్చలేదు. అంత తెలిసినోళ్లు, మోకాలికి పట్టి కడుపుకు పట్టని బీగంచెవి చేయొచ్చు కదా అన్నాను. మామ నవ్వలేదు. చేస్తానే ఉంటారు, యాడనో ఒకరు కూర్చొని, ఈ పల్లు కొంచెం అరగదీసి, ఆ పల్లు కొంచెం పొడుగు పెట్టి, వేసి చూసి, పారేసి, మళ్లీ చేస్తా ఉంటారు, శానా ఏండ్లు పడతాదన్నాడు. ఆ పని తలచుకుంటే నాకు ఇప్పటికీ నీరసమొస్తుంది. అన్నేండ్లు ఎవరో కూర్చొని చేసినదాన్ని నేను ఒక్క ఊపిరితో ఊదేసినాను.

పోయేముందు మామ నన్ను పక్కకు పిలిచి, డాక్టరమ్మ నీకేమీ చెప్పలేదా అని అడిగినాడు. చెప్పిందన్నాను. నువ్వు జేజికి చెప్పలేదా అన్నాడు. చెప్పినానన్నాను. ఎన్నిసార్లు అన్నాడు. నేను ఒక వేలు చూపించినాను. ఆయన నా తల నిమిరి బస్సుకు పోయినాడు.

ఆయన డాక్టరమ్మను కలిసి జరిగింది చెప్పి, కొన్ని దినాలు ఆపమన్నారని, కడుపు నెమ్మదించినంక అన్నం తిని మళ్లీ మొదలుపెట్టమన్నారని కబురు పెట్టినాడు. ఈసారి మాత్ర నిండుగా, ఎర్రగా, అమ్మ గొంతు దిగింది. నెల తిరిగేసరికి అమ్మ చెంబు పట్టుకుంది. కానీ వాన మా కోసం ఆగదు కదా. నేల తడిసి పదును దొరికిన రెండు దినాలూ నాయన, కూలోళ్లు విత్తనం వేస్తుంటే అమ్మ గట్టు మీద కూర్చొని చూసింది. ఆ పదకొండు దినాలు పోకుండా ఉంటే ఆమె ఆ సాళ్లలో ఉండేది. జేజి మాత్రం తప్పు ఒప్పుకోలేదు. మాత్ర చేతికిచ్చి, పక్కన ఇంత శొంఠి నూరి పెట్టేది, తన తృప్తికి.

ఇప్పుడు నాకే రోజుకు ఐదు మాత్రలు. మొన్న మా కోడలు, అత్తకు మింగను కష్టంగా ఉందని, ప్రేమతోనే, వాటిని మిక్సీలో వేయబోయింది. కల్వం పోయి మిక్సీ వచ్చింది, అంతే. మందుల అంగడికి పోతే నేను ఒక్కొక్కటీ పట్టి అడుగుతాను, ఇది మింగేదా, నమిలేదా, నూరొచ్చా, యాడ కరుగుతాది అని. "ఏమవ్వా, డాక్టరు చదువు చదువుతాండావా?" అని ఆ పిల్లోడు విసుక్కుంటాడు, వెనక నిలబడినోళ్లు నవ్వుతారు. నవ్వనీ. కోడలికీ చెప్పినాను, నూరొద్దు అని. ఆయమ్మ ఊ అని వంటింట్లోకి పోయింది. వెనకాలే పోయి మళ్లీ చెప్పినాను. మిక్సీ మూత తీసి చేతిలో పట్టుకొని మూడోసారి చెప్పినాను. విసుక్కుంది. అయినా సరే. నిజం తెలిసినోళ్లు దాన్ని ఒక్కసారి చెప్పి ఊరుకుంటే ఏమవుతుందో, గట్టు మీద కూర్చున్న మా అమ్మను చూసినదాన్ని నేను.