మాస్టారి బ్యాటరీల డబ్బా

ఈల వేసి బడిపిల్లల్ని పరుగెత్తించిన డ్రిల్లు మాస్టారికి, కారు తాళం రిమోట్‌లో బ్యాటరీ అయిపోయిందని మెకానిక్ దగ్గరికి పరుగెత్తడం నామోషీ. భోజనాల బల్ల మీద తువ్వాలు పరిచి, రిమోట్ సందులో స్క్రూడ్రైవర్ దూర్చి రెండు చిప్పలుగా విప్పారు. బిస్కట్ల డబ్బాలోంచి బిళ్ల బ్యాటరీ తీసి పెట్టారు. కారు ఉలకలేదు, పలకలేదు. ఇంకోటి పెట్టారు. అదీ అంతే.

“నాసిరకం కారు అంటగట్టారు వెధవలు!” అని మండిపడ్డారు.

“ఏవండీ, ఆ డబ్బాలోవన్నీ ఇన్నేళ్లుగా ఈ రిమోట్‌లోంచే తీసి దాచినవి కదా?” అంది భార్య, కూర తరుగుతూనే.

మాస్టారు బజారుకెళ్లి కొత్తది తెచ్చి బిగించారు. కారు కుయ్‌మంది. ఆయన మీసం దువ్వుకుని, అయిపోయిన బ్యాటరీలన్నీ తుడిచి మళ్లీ డబ్బాలోనే సర్దారు.

“రేపెప్పుడైనా అవసరానికి చేతికందొద్దూ?” అన్నారు.