లెక్క సరిపోయిన ఉదయం

గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలో టిక్కీల లెక్క, అంటే మిర్చి బస్తాల లెక్క, చూసే పని పోయాక, అద్దె గది ఖాళీ చేసి ఒక పాత స్కూలు వ్యాను కొన్నాను. సీట్లు పీకించి మంచం బిగించుకున్నాను. వెనక తలుపు దగ్గర గ్యాసు పొయ్యి, డ్రైవరు సీటు వెనక నీళ్ళ డ్రమ్ము. ఒంటరి మనిషికి ఇంతకు మించి అక్కర్లేదని అన్నీ లెక్క వేసుకునే కొన్నాను గానీ ఒకటి మరిచిపోయాను. ఇంటికి చక్రాలుంటే దాన్ని ఎక్కడ ఆపాలన్నది రోజూ తేల్చుకోవాల్సిందే. పెట్రోలు బంకువాళ్ళు ఒకటి రెండు రోజులు ఊరుకుంటారు. చర్చి ఆవరణలో అయితే ఆదివారం దాకా.

అలా తిరుగుతుండగా, వేటపాలెం అవతల సముద్రం ఒడ్డున సరుగుడు తోటలో టెంట్లు వేసి చలికాలమంతా అద్దెకిచ్చే చోట మనిషి కావాలని తెలిసింది. యజమాని నాకంటే బాగా చిన్నవాడు. వ్యాను చుట్టూ ఒకసారి తిరిగి చూసి నవ్వాడు.

"ఇల్లు వీపునేసుకుని తిరుగుతున్నావేంటి బాబాయ్, నత్తలాగా? సరే, వంటపాక వెనక పెట్టుకో. కరెంటు వైరు లాక్కో. తిండి మాదే. టెంట్లు చూసుకోవాలి, నీళ్ళు పట్టాలి."

"అంతేనా అండి?"

"ఇంకోటుంది. పొద్దున్నే అందరూ స్నానాలకి సముద్రానికి పోతారు. ఇక్కడ లోపలికి లాగే చోట్లున్నాయి. పోయినోళ్ళందరూ తిరిగొచ్చారో లేదో చూడాలి. ఒక్క తల తగ్గినా పరిగెత్తాలి. అందులో తేడా వచ్చిందా, నువ్వూ నీ బండీ రోడ్డు మీద ఉంటారు."

బతుకంతా లెక్కలతోనే గడిచినవాణ్ణి. ఆ పని ఒక్కటీ నాకు సులువనుకున్నాను.

వంట చేసేది నాకంటే పెద్దావిడ. వయసులో ఉన్నన్నాళ్ళూ మిర్చి కోతలకు వెళ్ళేదట, ఆ తర్వాత ధాన్యం కల్లాల్లో కొలతల దగ్గర ఉండేదట. మెడలో నల్లదారానికి చిన్న సిలువ. వచ్చిన రోజే నన్ను తమ్ముడూ అంది. సముద్రానికి దారి ఆవిడ వంటపాక ముందునుంచే. ఆ వేళకి నేను తోట చివర మోటారు దగ్గర నీళ్ళు పడుతుంటాను కాబట్టి వెళ్ళేవాళ్ళను ఆవిడ లెక్కపెట్టేది. నేను వచ్చాక అంకె చెప్పేది. తిరిగొచ్చేవాళ్ళను నేను లెక్కపెట్టాలి. బుకింగులు యజమాని ఫోనులో ఉంటాయి గానీ, ఇద్దరమని చెప్పి ఒక టెంటులో నలుగురు దిగుతారు. అందుకని ఆవిడ నోటిమాటే ఆధారం.

మొదటిరోజు ఆవిడ పదకొండు అంది. పన్నెండుమంది తిరిగొచ్చారు.

ఎక్కడో పొరబడ్డాననుకున్నాను. మర్నాడు కూడా ఒకరు ఎక్కువ. ఆ మర్నాడూ అంతే. తువ్వాళ్ళు కప్పుకుని, తడి జుట్టు మొహాల మీద పడి, సరుగుడు చెట్ల మధ్య వరసగా నడిచి వచ్చేవాళ్ళు. తడిసిన మనుషులందరూ ఒకేలా ఉంటారని నాకప్పుడే తెలిసింది. వరసలో చివరి మనిషి ఎప్పుడూ కాస్త వెనకబడి, చప్పుడు లేకుండా వచ్చేవాడు. ఒకరోజు వాళ్ళను నేరుగా చూడకుండా వ్యాను అద్దంలో లెక్కపెట్టాను. అద్దంలోనూ ఒకరు ఎక్కువే.

కోల్డ్ స్టోరేజీలో టిక్కీ తగ్గితే పెద్ద గొడవ జరుగుతుంది, ఎక్కువైతే ఎవరూ నోరెత్తరు. మనిషి తగ్గితే వెతకొచ్చు. ఎక్కువైతే ఎవరిని వెతకాలి? టిఫిన్ల దగ్గర ఒక్కొక్కరి మొహం చూస్తూ, వీళ్ళలో వెళ్ళకుండానే వచ్చినవాళ్ళెవరా అనుకునేవాణ్ణి. గాలి లేనప్పుడు కూడా సరుగుడు చెట్లు హోరుమంటూనే ఉండేవి.

"అక్కా, రేపు ఇంకోసారి చూసి చెప్పకూడదూ?" అన్నాను చివరికి.

"మనుషుల్ని రెండేసి సార్లు లెక్కపెడతారా ఎవరైనా? నోరు కడుక్కో."

"అది కాదక్కా, నువ్వు చెప్పినదానికీ..."

"నే చెప్పినదానికంటే తగ్గారా?"

"తగ్గలేదు."

"తగ్గలేదుగా! అయితే మూసుకుని ఇడ్లీ తిను."

యజమానికి చెప్పే ధైర్యం లేదు. సముద్రంలోంచి రోజూ ఒకరు ఎక్కువ వస్తున్నారంటే బండి తియ్యమంటాడు. ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు లెక్క సరిపోతే చాలు, ఇదంతా నా భ్రమేనని ఊరుకుంటాను అనుకునేవాణ్ణి.

ఆ రోజు మంచు దట్టంగా కురిసింది. వంటపాక నుంచి చూస్తే నా వ్యానే కనబడలేదు. ఆవిడ తొమ్మిది అంది. కాసేపటికి మంచులోంచి ఒక్కొక్కరే బయటపడ్డారు. తొమ్మిదిమంది. ఇంకా వస్తారేమోనని నిలబడి చూశాను. ఎవరూ రాలేదు. గుండెల మీంచి బరువు దిగినట్టయింది.

"ఇవాళ సరిపోయిందక్కా," అన్నాను నవ్వుతూ.

ఆవిడ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

"సరిపోవడమేంట్రా! ఒకరు ఎక్కువ ఉండాలిగా!"

నాకు అర్థం కాలేదు. ఆవిడ నా భుజం పట్టి ఊపేసింది. "రాశి కొలిచేటప్పుడు మొదటి కుంచానికి ఒకటి అంటారా, లాభం అంటారా? నేను మొదటి మనిషిని లాభం అని వదిలేసి, ఆ తర్వాతోడి దగ్గర ఒకటి మొదలెడతా. సముద్రం వింటా ఉంటది. దానికి ఒకరిని తక్కువ చెప్పాలి. మిర్చి దగ్గర పని చేసినోడివి, ఈమాత్రం తెలీదా నీకు?"

మాకు టిక్కీ మీద నంబరుండేది, కాటా ఉండేది. లాభం అంటూ లెక్క మొదలెట్టడం చిన్నప్పుడెప్పుడో విన్నాను. మనుషులకూ అలా చేస్తారని ఎప్పుడూ వినలేదు.

ఆవిడ పళ్ళెం, గరిటె పట్టుకుని ముందు పరిగెత్తింది. దారిలో టెంట్లన్నీ చూసుకుంటూ పోతే, చివరి టెంటులో ఒక్కడే దిగిన నడివయసు మనిషి లేడు. ఎవరితోనూ రాలేదు కాబట్టి అతను లేడని ఎవరూ అడగలేదు. ఒడ్డున ఇసుక ఎక్కడ ఆగిందో నీళ్ళెక్కడ మొదలయ్యాయో తెలియడం లేదు. ఆవిడ పళ్ళెం మోగిస్తూ, "ప్రభువా, ప్రభువా" అంటోంది. నేను ఆ చప్పుడు వీపువైపు ఉండేలా చూసుకుంటూ నీళ్ళలోకి దిగాను.

అతను నడుంలోతులో నిలబడి ఉన్నాడు. వీపు మావైపు, మొహం సముద్రంవైపు. "ఏవండీ!" అని అరిచాను. తిరగలేదు. ఇంకో అడుగు లోపలికే వేశాడు. వెళ్ళి రెక్క పట్టుకున్నాను. రాయిలా చల్లగా ఉంది. అప్పుడు నావైపు చూశాడు. భయపడ్డట్టు లేడు, ఆశ్చర్యపోయినట్టున్నాడు.

"మీరిటున్నారేంటండీ? అటు ఎవరో లెక్కపెడుతున్నారుగా."

"ఎటు?"

సముద్రంలోకి చూపించాడు. "తొమ్మిది దాకా లెక్కపెట్టి ఆగిపోయారండి. మళ్ళీ మొదలెట్టి, మళ్ళీ తొమ్మిది దగ్గరే ఆగుతున్నారు. పదోవాణ్ణి నేనున్నానని చెబుదామని..."

ఒడ్డుకు లాక్కొచ్చాం. ఆవిడ కొంగుతో అతని తల తుడిచింది. వలలు లాగేవాళ్ళయ్యుంటారని నేనే అన్నాను. అంత మంచులో పడవలు కదలవని నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు.

కేకలు విని యజమాని తోటలోంచి పరిగెత్తుకొచ్చాడు. "తేడా వచ్చిందా బాబాయ్?"

"వెళ్ళినవాళ్ళు పది. వచ్చినవాళ్ళు పది," అన్నాను. అప్పటికి అది నిజమే.

ఇప్పుడు పొద్దున్నే మోటారు ఆపి వచ్చి, వెళ్ళేవాళ్ళను కూడా నేనే లెక్కపెడుతున్నాను. మొదటి మనిషి భుజం తట్టి ఊరుకుంటాను, నోటితో ఏమీ అనను. రెండో మనిషి దగ్గర ఒకటి మొదలుపెట్టి పైకి వినబడేలా చెబుతాను. తిరిగొచ్చేటప్పుడూ అంతే. ఆవిడ చూసి తలాడిస్తుంది.

ఒకరోజు వ్యానులో టీ కాచుకుంటుంటే తట్టింది. ఈ ఇంట్లో ఉండేది నేనొక్కణ్ణే. ఆవిడ పద్ధతిలో మొదటి మనిషిని వదిలేస్తారు కాబట్టి నా లెక్క అంకెదాకా రాదు. అదే మాట ఆవిడతో అన్నాను. పెనం మీద నుంచి చూపు తిప్పకుండా, "మంచిదేగా, నోర్మూసుకుని ఉండు," అంది.

మంచు పడ్డ రోజుల్లో మాత్రం నేను వ్యాను కిటికీ మూసేసుకుంటాను. బయట ఎవరైనా లెక్క మొదలుపెడితే, తొమ్మిది తర్వాత నాకు వినాలని లేదు.